కౌంటరు అవతలి మనిషి

ప్రియమైన అమ్మాయికి,

సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఉద్యోగం మానేసి పూర్తికాలం సేవలోకి వెళ్లాలనుందని, రోజంతా దస్తావేజుల మధ్య కూర్చుంటే దేవుని పని ఎప్పుడు చేస్తానని రాశావు. నిజంగా పిలుపు ఉంటే అడ్డం పడే హక్కు నాకు లేదు. కానీ నీ ఉత్తరంలో పిలుపు కన్నా విసుగే ఎక్కువ కనిపించింది. ఆఫీసు లోకానిది, మందిరం దేవునిది అని నువ్వు గీసుకున్న గీత మీదే నా అభ్యంతరం. లూకా సువార్త మూడో అధ్యాయం మళ్లీ తియ్యి. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి, మేమేం చేయాలని అడుగుతారు. ఊరంతా అసహ్యించుకునే కొలువు వాళ్లది. అది వదిలేసి నా వెంట అరణ్యానికి రండని యోహాను అనలేదు. నిర్ణయించినదానికి మించి పుచ్చుకోవద్దన్నాడు. సైనికులకు చెప్పిందీ అలాంటిదే: బెదిరించి లాక్కోవద్దు, జీతంతో తృప్తిపడండి. మారుమనస్సుకు ఆయన అడిగిన రుజువు వాళ్లు రోజూ చేసే పనిలోనే ఉంది.

అయితే నోరు మూసుకుని ఫైళ్లు కదిపితే అదే సువార్తా అంటావు. కాదు. నోరు తెరవాల్సిందే. ఎవరి ముందు, ఏ స్థితిలో అన్నదే ప్రశ్న. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కోసమో, కూతురి పేర రాసే గిఫ్టు దస్తావేజు కోసమో వచ్చినవాడికి నీతో పని ఉంది. నువ్వు కరపత్రం చేతికిస్తే వద్దనడానికి భయపడతాడు. వినడం ఇష్టం లేక లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ అతనికి లేదు. ఆ భయం మీద నిలబడి లంచం అడిగేవాడున్నాడు, వాక్యం చెప్పేవాడూ ఉన్నాడు. రెండోవాడి ఉద్దేశం మంచిదే కావచ్చు, వాడుకునేది మాత్రం ఆ కుర్చీ బలాన్నే. మన వాళ్ల చరిత్రలో ఈ సంగతి బాగా ఎరిగినవాడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో 3 మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు పనులు నడిచినన్నాళ్లూ ఆపేశాడు. కూలీ బాప్తిస్మమూ ఒకే చేతి నుంచి, ఒకే రోజున అందకూడదనేగా! పనులు ముగిశాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు.

అన్నం పెట్టి మతం మార్చారన్న మాట అప్పటినుంచీ ఉంది. దాన్ని కొట్టిపారేయకు. అన్నం పెట్టిన చెయ్యి నెలలు గడిచాక కూడా గుర్తుంటుంది. ఆ విరామం అనుమానాన్ని పూర్తిగా తుడిచెయ్యలేదు, తుడిచెయ్యజాలదు కూడా. సేవను మతమార్పిడికి ఎర చేయొద్దని గాంధీజీ పట్టుబట్టారు, ఆయన మాటలో సగం మనం తలవంచి ఒప్పుకోవాల్సిందే. మిగతా సగం, అంటే బతికి చూపిస్తే చాలు, పిలవనక్కర్లేదన్నది, దోర్నకల్ బిషప్ అజరయ్య ఒప్పుకోలేదు. 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయన. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కూలీలు, చదువు రానివాళ్లు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తలమీదే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను ఒప్పుకోలుగా పలికించేవాడు. తమకు అన్నం పెట్టే పొలాల్లో కూలి చేసుకునేవాళ్లు వాళ్లు. ఎవరినీ బలవంతం చేసే స్థితి వాళ్లకు లేదు, అందుకే వాళ్ల మాటకు విలువ. పై కులాలవాళ్లు కొందరు సంఘం వైపు చూసింది కూడా ఈ కూలీల బతుకుల్లో వచ్చిన మార్పు చూసేనని అజరయ్య పదేపదే చెప్పేవాడు. నువ్వు ఆ కూలీల్లాగా మాట్లాడగలిగే చోట్లు నీకూ ఉన్నాయి: హాస్టల్లో, బస్సులో, సమానంగా నిలబడి వద్దనగలిగే స్నేహితురాలి ముందు. అక్కడ సిగ్గుపడకు.

ఇక నీ అసలు భయం: మామూళ్లు వద్దంటే సెక్షనంతా దూరం పెడుతుంది, డాక్యుమెంటు రైటర్లు పై వాళ్ల చెవిలో వేస్తారు, దూరపు మండలానికి పంపేస్తారు. ఇవేవీ జరగవని నేను చెప్పను. జరగొచ్చు. ఒంగోలు పల్లెల్లో కొత్తగా నమ్మిన మాదిగలు ఆదివారం పని మానేశారు, చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, జాతరలో డప్పు కొట్టబోమన్నారు. ఊరి పెద్దలు ఊరుకోలేదు. పనులు ఆపారు, నీళ్లు ఆపారు. వాళ్ల విశ్వాసం ఊరికి ముందు తెలిసింది ప్రసంగంతో కాదు, డప్పు మోగకపోవడంతో. నీకు నెల జీతం వస్తుంది, ఉద్యోగానికి చట్టం రక్షణ ఉంది. వాళ్లకు ఈ రెండూ లేవు. (పై ఆదాయంలోంచి దశమభాగం తీసి కానుక పెట్టెలో వేసే విశ్వాసుల సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను. కోపం తగ్గాక.)

యేసు పేరు ఎత్తని సహోద్యోగి కూడా పైసా ముట్టడు, మరి నా ప్రత్యేకత ఏమిటని అడిగావు. సంతోషించు, అతని పక్కన కుర్చీ వేసుకో. పొరుగువాడెవరో చెప్పాల్సి వచ్చినప్పుడు ప్రభువు ఒక సమరయుణ్ణి చూపించాడు, యాజకుణ్ణి కాదు.

రాజీనామా ఇప్పుడే రాయొద్దు. ప్రొబేషన్ పూర్తయ్యేదాకా ఆగు. నీ దగ్గర ఆగిపోయిన దరఖాస్తులు వచ్చిన వరసలోనే కదుపు. వేలిముద్ర వేసేవాళ్లకు దస్తావేజులో ఏముందో చదివి వినిపించు, ఎవరూ చెప్పకపోయినా. అప్పటికీ సేవ అన్న ఆలోచన నిన్ను వదలకపోతే, బైబిలు కాలేజీ ఫీజు నేను కడతాను. మీ నాన్నకు నేనే నచ్చజెబుతాను.

నీ పెదనాన్న