కనిపించనిదల్లా లేనట్టేనా?

విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకొస్తాయి. ఏ సరుకైనా తూకం వేశాకే లెక్కలోకి వచ్చే ఊరది. కంటికి ఆనని వాటి గురించి ఎంతవరకు మాట్లాడవచ్చో నేర్పే పాఠం కూడా ఆ ఊళ్లోనే ఉంది. అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయ గణితజ్ఞుడు డి. సూర్యనారాయణ 1969లో 'సూపర్ పర్ఫెక్ట్' సంఖ్యలను నిర్వచించారు. 16నే తీసుకోండి. దాని కారణాంకాలు 1, 2, 4, 8, 16 కూడితే 31. ఆ 31 ప్రధాన సంఖ్య. దాని కారణాంకాలు 1, 31 కూడితే 32, అంటే 16కు సరిగ్గా రెట్టింపు. ఇలా రెండుసార్లు కూడితే రెట్టింపయ్యేవే ఈ సంఖ్యలు. సరి సంఖ్యల్లో ఈ గుణం 2 యొక్క ఘాతాల్లో కొన్నింటికే ఉంటుందనీ, ఆ ఘాతం కారణాంకాల మొత్తం ప్రధాన సంఖ్య అయి తీరాలనీ ఆయన నిరూపించారు.

ఆ నిరూపణ ఎంత దూరం వెళ్తుందో చూడండి. రెండును 13,62,79,841వ ఘాతానికి పెంచి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందని 2024లో తేలింది. దాంతో రెండు 13,62,79,840వ ఘాతం సూపర్ పర్ఫెక్ట్ అని వెంటనే తెలిసిపోయింది. ఆ సంయుక్త సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. పేజీకి మూడు వేల అంకెలు అచ్చు వేసినా పదమూడు వేల పేజీలు దాటుతుంది. అన్ని అంకెలూ చదివే ఓపిక ఎవరికీ ఉండదు, అయినా దాని స్వభావం మీద అనుమానానికి తావు లేదు. చూస్తేనే తెలిసినట్టు అనే వాదం ఇక్కడే వీగిపోతుంది.

బేసి సంఖ్యల సంగతి వేరు. అలాంటి సూపర్ పర్ఫెక్ట్ సంఖ్య ఒక్కటీ దొరకలేదు. ఉంటే అది వర్గ సంఖ్య కావాలని గణితజ్ఞుడు కానోల్డ్ నిరూపించాడు. ఒకే ప్రధాన సంఖ్య ఘాతం కాజాలదని సూర్యనారాయణే 1973లో చూపారు. 7 పక్కన 24 సున్నాలు పెట్టినంత వరకు అలాంటిది లేదనీ తేలింది. ఇంత వెతికినా దొరకలేదంటే లేనట్టే కదా అని అడగవచ్చు. మీమాంసకుల్లో కుమారిల భట్టు సంప్రదాయం దీనికి ఏనాడో హద్దు గీసింది: ఉంటే కనిపించి తీరే వస్తువు కనిపించకపోతేనే లేదనాలి. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదు. చీకటి గదిలో ఆ మాట చెల్లదు. వెతికిన మేర వెలుతురున్న గది, ఆపైన అనంతం. 1919లో గణితజ్ఞుడు పోయా సంఖ్యల మీద చేసిన ఊహ కోట్ల సంఖ్యల దాకా నిలబడి, 90,61,50,257 దగ్గర తప్పింది.

దేవుడు ఉన్నాడా లేడా అనే వాదనకూ ఇదే హద్దు వర్తిస్తుంది. సంఖ్యలు మన కల్పనే, వాటితో దేవుడి ప్రశ్నకేం సంబంధం అనేవారున్నారు. నిర్వచనం మనదే, నిజమే. కానీ నిర్వచించాక బేసి సూపర్ పర్ఫెక్ట్ సంఖ్య ఉందో లేదో తేల్చే అధికారం సూర్యనారాయణకు కూడా లేదు; మన ఇష్టంతో మారనిదాన్ని కల్పన అని కొట్టిపారేయలేం. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: సంఖ్యకు నిర్వచనం కచ్చితం, దేవుడి గుణాల మీద మతాలకే ఏకాభిప్రాయం లేదు. ఒప్పుకుంటాను. అందుకే ఈ సంఖ్యలను దైవానికి సాక్ష్యంగా నిలబెట్టడం లేదు. ఆరు పరిపూర్ణ సంఖ్య (తనకంటే చిన్న కారణాంకాలు 1, 2, 3 కూడితే ఆరే) కాబట్టే సృష్టి ఆరు రోజుల్లో పూర్తయిందని సెయింట్ అగస్టీన్ రాశాడు. ఆ దారి నాకు సమ్మతం కాదు. నేను కోరేది వాదనలో నిజాయితీ. గుణాలు ఎన్ని వర్ణించినా ఉనికి రుజువు కాదని బేసి సూపర్ పర్ఫెక్ట్ సంఖ్య చెబుతోంది, ఆస్తికులు దాన్ని వినాలి. వెతికి దొరకనంత మాత్రాన లేమి రుజువు కాదనీ అదే చెబుతోంది, నాస్తికులూ వినాలి. నమ్మే హక్కు, నమ్మని హక్కు ఇద్దరికీ ఉన్నాయి. తేలిపోయిందని ప్రకటించే హక్కు మాత్రం రుజువు చూపినవారికే దక్కుతుంది.