పొలం దాటిన నీరు

గృహస్థుడు చేయదగిన సత్కర్మలను ధర్మశాస్త్రాలు ఇష్టం, పూర్తం అని రెండు విధాలుగా విభజించాయి. యజ్ఞయాగాదులు ఇష్టం కాగా, బావులూ చెరువులూ తవ్వించడం, తోటలు నాటించడం, సత్రాలు కట్టించడం వంటి పదిమందికీ పనికివచ్చే పనులు పూర్తం. చెరువును సప్తసంతానాలలో ఒకటిగా, అంటే మనిషి పోయాక కూడా అతని పేరు నిలిపే ఏడింటిలో ఒకటిగా, తెలుగునాట తరతరాలుగా భావించారు. అయితే నీటిని పొలానికి చేర్చినవాడి పుణ్యం గురించి సంప్రదాయం ఎంత విస్తారంగా మాట్లాడిందో, ఆ పొలం నుంచి బయటికి పోయే నీటి మంచిచెడులు ఎవరికి చెందుతాయన్న విషయాన్ని అంత విస్తారంగా చర్చించినట్టు కనిపించదు. నీటి దానం తూము దగ్గర ముగుస్తుందా, మురుగు కాలువ చివరిదాకా సాగుతుందా అన్నది ధర్మవిచారంలో ఇంకా తేలవలసిన ప్రశ్న.

దీనికి కొంత ఆధారం కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనంలో దొరుకుతుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతో పాటు ఆరు దోషాలను కూడా పేర్కొంటుంది. కట్టనుంచి నీరు కారడం, నేల చౌడు కావడం వాటిలో ఉన్నాయి; నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం ఎంత దోషమో, నేల తక్కువై నీరు ఎక్కువ కావడమూ అంతే దోషమని కూడా అందులో ఉంది. నీటి సమృద్ధిని మాత్రమే కీర్తించవలసిన చోట అధికజలాన్ని లోపంగా గుర్తించడం అసాధారణమైన వివేకం. పైరు వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. వరి తన కాడలోని గాలి గదుల ద్వారా వేరుకు ఊపిరి అందించుకోగలదు కాబట్టి నిలవ నీటిలో బతుకుతుంది గానీ, మొక్కజొన్న, కంది, మిరప వంటివి జాలు పట్టిన నేలలో, అంటే ఊటనీరు ఇంకక నిలిచిపోయిన నేలలో, కుళ్లిపోతాయి. ఆ నీరు ఎండకు ఆవిరవుతుంటే కింది ఉప్పు పైకి చేరి నేల చౌడు బారుతుంది. కాబట్టి మురుగు తీయడం నీరు పెట్టడంలో భాగమే. ఒకటి చేసి రెండోది వదిలేసినవాడు సగం పనే చేసినట్టు.

ఇక్కడే కర్మసిద్ధాంతానికి చిక్కు ఎదురవుతుంది. ఆత్మ నిత్యం కాదని వాదించేవారి మతంలో రెండు దోషాలు వస్తాయని మన దార్శనికులు చూపారు: చేసిన కర్మకు ఫలం దక్కకుండా పోవడం కృతనాశం, చేయని కర్మకు ఫలం వచ్చిపడడం అకృతాభ్యాగమం. కర్తే భోక్త కావాలన్నది వారి నియమం. కానీ పైతట్టు రైతు అవసరానికి మించి యూరియా చల్లి గట్టు తెగగొడితే, నీటితో జారిన నత్రజని దిగువ రైతు బావిలో నైట్రేటుగా చేరుతుంది. కర్త ఒకడు, భోక్త మరొకడు. తర్కంలో అసంభవమని తోసిపుచ్చిన దోషం పల్లంలో మాత్రం రోజూ జరుగుతూనే ఉంది.

ఈ చిక్కు పొలాల మధ్యే కాదు, నగరానికీ దాని దిగువ పల్లెలకూ మధ్య కూడా ఉంది. హైదరాబాదులోని కాచిగూడకు కూరగాయలు పండించే కాచి కులస్తుల వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడక్కడ పొలాలు లేవు, 1916 నాటి రైల్వే స్టేషను చుట్టూ కిక్కిరిసిన పేటలున్నాయి. అయినా సాగునీటితో ఆ పేటకు బంధం తెగలేదు. దాని దక్షిణాన పారే మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం తాగే నీటిలో కొంత కృష్ణ నుంచే ఎత్తిపోసి తెచ్చినది కనుక, ఇళ్లలో వాడిన ఆ నీరు మురుగై మూసీ మీదుగా మళ్లీ కృష్ణకే చేరుతోంది. దారిలో పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి రైతులు దాన్ని కత్వలతో, అంటే నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టలతో, మళ్లించి వరి, పశువులకు పారా గడ్డి పెంచుతున్నారు. ఒకప్పుడు వేసవిలో ఎండిన ఏరు ఇప్పుడు ఏడాది పొడుగునా పారుతున్నందువల్ల రెండో పంట కూడా దక్కింది. దానితో పాటు నత్రజని మితిమీరి దుబ్బు ఏపుగా పెరిగి పడిపోవడం, గింజ తాలు పోవడం, మడిలో దిగిన కాళ్లకు దురదలు, కొంకిపురుగుల బెడద కూడా వచ్చాయి. ఆ గడ్డి మేసిన గేదెల పాలు నగరానికే వస్తాయి కాబట్టి ఫలంలో కొంత కర్తను వెతుక్కుంటూ తిరిగి వస్తున్నట్టే. కష్టంలో పెద్ద భాగం మాత్రం దిగువనే మిగిలిపోతోంది.

నీటిలో మలమూత్రాలే కాక విషాలు కూడా వదలరాదని మనుస్మృతి విధించింది. ఇస్లాంలో బావి తవ్వించడం సదఖా జారియా, అంటే దాత మరణించాక కూడా పుణ్యఫలమిచ్చే దానం. మేలు అలా కొనసాగేటప్పుడు కీడు కొనసాగదనడం న్యాయం కాదు. చెడ్డ ఆనవాయితీ మొదలుపెట్టినవాడు దాన్ని అనుసరించినవారి భారం కూడా మోస్తాడన్న హదీసు ఈ మాటకే బలం చేకూరుస్తుంది. శుద్ధి చేసిన మురుగునీటి వాడుకను సౌదీ అరేబియా ఉలమా మండలి 1978లో అనుమతించినప్పుడు రంగు, రుచి, వాసనలలో మాలిన్యం పోవాలన్న సంప్రదాయ ప్రమాణాన్నే ఆధారం చేసుకుంది. ఆ ప్రమాణం గొప్పదే గానీ చాలదు. నైట్రేటుకు రంగూ వాసనా లేవు. కత్వల వెనుక నీరు నిలిచినప్పుడు మడ్డి, పురుగుల గుడ్లు అడుగుకు దిగుతాయి. కరిగిన ఉప్పు దిగదు, హైదరాబాదు మురుగును శుద్ధి చేసే అంబర్‌పేట కేంద్రం కూడా దాన్ని తీయలేదు. ఇంద్రియాలకు అందని అశుచి ఒకటుందని ఒప్పుకున్నాక శౌచవిధిలో నీటి పరీక్షకూ చోటివ్వక తప్పదు.

అలా చూస్తే పూర్తకర్మ జాబితా పెరగాలి. మడిలో నీరు తగ్గాకే మళ్లీ తడి పెట్టడం, యూరియా చల్లిన కొన్నాళ్లు గట్టు తెగగొట్టకుండా కాపలా కాయడం, మురుగు కాలువ ఒడ్డున గడ్డి పట్టె వదలడం, పూడిక తీయించడం చెరువు తవ్వించడంతో సమానమైన పుణ్యకార్యాలే. నగరవాసి విషయంలో శుద్ధి కేంద్రానికయ్యే ఖర్చు దిగువవారికి చేసే దానం కాదు, తీర్చవలసిన రుణం. రంగుల అద్దకాల, ఫ్యాక్టరీల రసాయనాలను ఇంటి మురుగులో కలవనీయకపోవడం ఆ రుణంలో మొదటి వాయిదా.