విడిచిన బట్టకు అంత మర్యాదా?

అనిషినాబే భాషలో ఎటోబికో అంటే ఆల్డర్ చెట్లు పెరిగే చోటు. 1998లో టొరంటోలో కలిసిపోయిన ఈ ఊరికి తూర్పు హద్దు హంబర్ నది. అది ఇక్కడే అంటారియో సరస్సులో పడుతుంది. ఇంటి పెద్దదిక్కు పోయినప్పుడు ఇక్కడి తెలుగు కుటుంబానికి ఒక తర్జనభర్జన తప్పదు. అస్థికలు ఈ సరస్సులో కలపాలా, రాజమండ్రి కోటిలింగాల రేవు దాకా మోసుకెళ్లాలా?

చట్టంతో పెద్ద పేచీ లేదు. క్రౌన్ భూముల్లో, అంటే ప్రభుత్వ భూముల్లో, వాటిని కప్పిన నీళ్లలో చితాభస్మం కలపడానికి అంటారియోలో అనుమతి అక్కర్లేదు. చిక్కంతా మనసులోనే. ఇక్కడ దహనం గ్యాస్ కొలిమిలో జరుగుతుంది. మిగిలిన ఎముకలను యంత్రంలో పొడిచేసి పెట్టెలో పెట్టి ఇస్తారు. శ్మశానానికి వెళ్లి, పాలూ నీళ్లూ చల్లి, ఎముకలేరుకునే సంచయనం ఊసే ఉండదు.

అసలు ఈ బెంగ ఎందుకు? గీత రెండో అధ్యాయం ప్రకారం దేహం పాతబడిన బట్ట, ఆత్మ దాన్ని విడిచి వెళ్లిపోయింది. ఇక్కడి క్లేర్‌విల్ డ్రైవ్‌లో 2007లో వెలసిన స్వామినారాయణ పాలరాతి మందిరం చెప్పేదీ జీవుడు నిత్యుడనే. ఆ సంప్రదాయం లెక్కలో నిత్యమైనవి ఐదు, వాటిలో జీవుడొకడు. మరి విడిచిన బట్టకు విమానం టికెట్టా?

గరుడ పురాణం దారి వేరు. పోయినవాడు వెంటనే ఎక్కడికీ పోడు. పదిరోజుల పిండాలతో ఒక్కో అవయవమూ కూడి ప్రేతానికి కొత్త ఒళ్లు ఏర్పడాలి. తెలుగు ఇళ్లలో నోటిమాట గీతది, చేతిపని పురాణానిది. రెండూ పొసగవు. పొసగాలని ఎవరూ పట్టుబట్టరు కూడా.

ఈ తికమక హిందువులకే సొంతం కాదు. ఒకప్పుడు ఈ హంబర్ పొడవునా ఊళ్లు కట్టుకున్న వెండాట్ ప్రజలు, ఊరు మారేటప్పుడు తమవారి ఎముకలను వెలికితీసి, శుభ్రం చేసి, అన్నిటినీ ఒకే గోతిలో కలిపి పూడ్చేవారు. 1636లో ఆ వేడుకను కళ్లారా చూసిన ఫ్రెంచి జెసూట్ మతగురువు బ్రెబఫ్, ఆ ఎముకలను వాళ్లు ఆత్మలనే పిలుస్తారని రాశాడు.

ఇంతకన్నా ముచ్చటైనది మన భట్టిప్రోలు. నిత్యమైన ఆత్మ లేదన్న బౌద్ధులే అక్కడి స్తూపంలో అస్థిధాతువును భరిణెలో పెట్టి భద్రంగా దాచారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో అది బయటపడింది. ఆత్మ ఉందన్నవారూ ఎముకను వదల్లేదు, లేదన్నవారూ వదల్లేదు. చూడబోతే మమకారం ముందు పుట్టినట్టుంది, సిద్ధాంతాలు దాని వెనకాల వచ్చినట్టున్నాయి.

అస్థికలు కలిపేశాక కూడా పని తెమలదు. ఏడాది తిరిగేసరికి తద్దినం వస్తుంది. తిథి టొరంటో సూర్యోదయానికి చూడాలా, రాజమండ్రి సూర్యోదయానికా? పురోహితుడు ఫోన్‌లో పంచాంగం తెరుస్తాడు.