చేతి స్పర్శ - వస్తువు వెల

సీలేరు పరిసరములందలి వారపు సంతలకు చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు అమ్మకమునకు వచ్చును. కొనువాడు పసుపుకొమ్మును విరిచి లోని రంగు చూచును. చీపురును దులిపి చూచును. చేతబట్టి గుణమెరుగుట కొనువాని హక్కు. అయితే ఆ స్పర్శ గుణమును తెలుపుటయే గాక మమకారమును కూడ పుట్టించుచున్నది.

2008లో వెలువడిన యొక అమెరికా పరిశోధనలో కొందరి చేతికి కాఫీ కప్పు నిచ్చి, పిదప వేలము పాడించిరి. 10 సెకండ్లు పట్టుకొన్నవారికంటె 30 సెకండ్లు పట్టుకొన్నవారు హెచ్చుగా పాడిరి. ముట్టినంతమాత్రముననే "ఇది నాది" యను భావము కలుగునని 2009లో జోన్ పెక్, సుజాన్ షు అను పరిశోధకులు చూపిరి. స్పర్శ ఇంపుగా లేనిచో మాత్రము వెల పెరుగదు.

చీర మడత విప్పి భుజముపై వేయు వర్తకునకు ఈ మర్మము ఏ గ్రంథమును చదువకయే తెలియును. అతడు చేయునది అధర్మమా? నేతను, అంచును చూపుటకైనచో ధర్మమే. క్రింద పెట్టనీయక, ఆలోచింపనీయక త్వరపెట్టినచో అది పరుల మనస్సును దొంగిలుట యగును.

ఇక అమ్మువాని మాట. తమ చేతికి వచ్చిన కప్పును విడుచుటకు జనులు, కొనువా రిచ్చెదమన్న దానికి సుమారు రెట్టింపు వెల కోరిరని 1990లో డేనియల్ కానెమన్ మున్నగువారు ప్రకటించిరి. మరి చెట్టెక్కి చింతకాయ రాల్చి, పెంకు వలిచి, గింజ తీసి, బరువు మోసి కొండ దిగిన గిరిజనుడు ఎంత కోరవలెను? ఆ పండును అందరికంటె ఎక్కువకాలము పట్టినది అతని చేయియే గదా! అయినను సాయంకాలమునకు ఉప్పు, బియ్యము కొనవలసినవాడు సరుకును తిరిగి కొండపైకి మోయలేడు, ఇచ్చినదే పుచ్చుకొనును. చేతి మమకారమునకు వెల కట్టుకొనగలవాడు వేచియుండగలవాడే. ఈ నిస్సహాయతనుండి కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది.

బసవేశ్వరుడు కాయకమును కైలాసముగా భావింపుమని బోధించెను. కావున వెల కాయకమును బట్టి యుండవలెను గాని, కొనువాని మోహమును బట్టియో, అమ్మువాని యక్కరను బట్టియో యుండరాదు. ఇష్టలింగమును కరస్థలమున నుంచి పూజించు మనకు, చేత నున్నదెల్ల "నాది" కాదను పాఠము నిత్యము లభించుచునే యున్నది.

అంగడిలో నచ్చిన వస్తువును ఒక్క క్షణము క్రింద పెట్టి, అప్పుడు వెల చెప్పుడు. సంతలో బేరమాడునపుడు, ఆ వస్తువును మనకంటె ముందు పట్టిన చేతిని తలచి వెల చెప్పుడు.