దానమా, దండమా

రాజ్యం ఎంత పెద్దదిగా ఉండాలన్న వివాదం పైకి పన్నులు, సబ్సిడీల లెక్కలా కనిపిస్తుంది. అడుగున ఉన్నది ధర్మప్రశ్న: మనిషి తనంతట తాను ధర్మం పాటిస్తాడా, దండభయం ఉంటేనే పాటిస్తాడా? మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన వృత్తాంతం రెంటికీ చోటిస్తుంది. మొదట రాజూ లేడు, దండమూ లేదు. జనం ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకున్నారు. మోహం, లోభం ప్రవేశించాకే దండనీతి అవసరపడింది.

ఆస్తిపరుడు తనను తాను ధర్మకర్తగా భావించుకుంటే బలవంతం అక్కర్లేదని గాంధీ నమ్మారు. రాజ్యాధికారం పెరగడమంటే హింస ఒకచోట పోగుపడడమేనని ఆయన భయం. ఆ నమ్మకానికి అసలైన పరీక్ష తెలంగాణలో ఎదురైంది. సాయుధ పోరాటం ఇంకా చల్లారని రోజుల్లో, 1951 ఏప్రిల్ 18న, గాంధీ శిష్యుడు వినోబా భావే నల్లగొండ జిల్లా పోచంపల్లి చేరారు. అక్కడి 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి: సగం తరి, సగం ఖుష్కీ. సర్కారుతో మాట్లాడాలన్నదే వినోబాకు మొదట తోచిన దారి. ఆ తర్వాత, ఊరివాళ్లే ఏమైనా చేయగలరా అని సభను అడిగారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటే 20 ఎకరాలు ఎక్కువ! భూదానోద్యమం అక్కడే పుట్టింది.

రాజాజీ, ఎన్.జి. రంగాల దారి వేరు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యాన్ని తీర్మానించింది. రైతు భూమి రైతుకు దక్కదన్న ఆందోళన నుంచి అదే ఏడాది స్వతంత్ర పార్టీ వచ్చింది. రంగా దాని తొలి అధ్యక్షుడు. పర్మిట్ లైసెన్స్ రాజ్ అంటూ రాజాజీ ఎండగట్టిన పాలనలో నష్టపోయేది వ్యాపారం ఒక్కటే కాదు. ప్రతి పనికీ అధికారి సంతకం కోసం ఎదురుచూసే మనిషికి తన మంచిచెడ్డలు తాను తేల్చుకునే అలవాటే తప్పిపోతుంది.

వీటన్నిటికంటే బరువైన వాదం అంబేద్కర్‌ది. కీలక పరిశ్రమలు, బీమా, సాగుభూమి ప్రభుత్వం చేతిలో ఉండాలని ఆయన 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ప్రతిపాదించారు. రాజ్యం తప్పుకుంటే మిగిలేది కౌలు పెంచే భూస్వామి స్వేచ్ఛ, కూలి తగ్గించే యజమాని స్వేచ్ఛ అన్నది ఆయన తర్కం. అయితే ఈ ఏర్పాటును ఏ పార్టీ మెజారిటీ చిత్తానికీ వదలక, రాజ్యాంగంలోనే రాయాలన్నారు. పోచంపల్లిని ఈ తర్కంతో చూస్తే ఒకటి స్పష్టమవుతుంది: ఇచ్చినవారికి ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉంది, అడిగినవారికి అడగడం తప్ప గత్యంతరం లేదు.

పైగా దానంగా వచ్చిన భూమికీ హద్దులు కొలవాలి, పట్టా ఇవ్వాలి, ఆక్రమణలు ఆపాలి. అందుకే ఆంధ్రప్రదేశ్ 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేయాల్సివచ్చింది. దానం చేరని చోటికి 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. నేల రకాన్నిబట్టి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని పరిమితి పెట్టింది. తనకున్న భూమిపై ఇచ్చే డిక్లరేషన్‌లో భూస్వామి నిజం చెప్పడం మీద ఆ దండమూ ఆధారపడక తప్పలేదు. భూములు ముందే బంధువుల పేర్ల మీదికి మారిపోయినచోట మిగులు భూమి కాగితాల్లోకి ఎక్కనే లేదు.