అమ్మ పేరు లేని లిస్టు

మా పాపకి వచ్చే నెల ఎనిమిదేళ్లు నిండుతాయి. పుట్టినరోజుకి ఎవరెవర్ని పిలవాలో నోటుపుస్తకంలో రాసుకుంది. బళ్లో స్నేహితులు పన్నెండుమంది, పక్కింటి పిల్లలిద్దరు, కింద వాటాలో ఉండే ఇంటిగలామె. చివర్న 'అమ్మమ్మ' అని రాసి చుట్టూ పువ్వు వేసింది. కేకు, బెలూన్లు, వెజిటబుల్ బిర్యానీ లెక్క నేను రాశాను. నా లెక్కలో అమ్మ లేదు.

అంతకుముందు రోజే అమ్మ ఫోన్ చేసింది. "పిల్ల పుట్టినరోజుకి వస్తన్నానే. ఒట్టితునకలు ఎండబెట్టి ఉంచా, తెస్తా" అంది. "ఎండలు మండిపోతన్నయ్యమ్మా, ఇప్పుడొద్దులే. సెలవల్లో మేమే వస్తాం" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. మిరపచేలో పొద్దుగూకులూ కాయ కోసి నన్ను చదివించిన మనిషికి నేను ఎండ సంగతి చెప్పాను.

అసలు సంగతి ఎండ కాదు. ఈ ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఇంటిగలామె "మీరేమిట్లు?" అంది. "ఇద్దరం టీచర్లమండీ" అన్నాను. అంతకుముందు మూడిళ్లు ఆ ప్రశ్న దగ్గరే పోయాయి. అమ్మ అలా తప్పించుకోదు. ఎవరమ్మా మీరంటే "మాదిగోళ్లమమ్మా" అంటది. అది ఆమెకి పేరు చెప్పుకున్నట్టే.

1994లో ఈదుముడిలో దండోరా మొదలయ్యాక పేరు చివర 'మాదిగ' అని రాసుకున్న అన్నల్ని చూసి పెరిగినదాన్ని. యూనివర్సిటీలో మైకు పట్టుకుని నేనూ చెప్పుకున్నాను. అక్కడ చెబితే చప్పట్లు కొట్టారు. ఇక్కడ చెబితే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు.

నాకు పుట్టినరోజు లేదు. "మిరపకోతలప్పుడు పుట్టావు" అంటది అమ్మ. రికార్డులో ఉన్న జూలై 1 బళ్లో పంతులు వేసింది. ఐదో తరగతిలో ఊళ్లో ఆసామి కూతురు తన పుట్టినరోజుకి చాక్లెట్లు పంచింది. అందరి ముందూ పళ్లెం పట్టింది, వాళ్లే తీసుకున్నారు. మా నలుగురి దగ్గరికొచ్చేసరికి పళ్లెం వెనక్కి పోయింది. దోసిళ్లు పట్టమని పైనుంచి జారవిడిచింది. ఆ పిల్లకీ పదేళ్లే. ఎవరో నేర్పారు. నేనా చాక్లెట్ తిన్నాను. తియ్యగానే ఉంది.

నా పిల్లకి అలా జరగకూడదనే దాస్తన్నాననుకున్నాను. కులం అడగటమే తప్పు, అడిగినవాళ్లకి నిజం చెప్పాల్సిన బాకీ మనకి లేదు అంటారు కొందరు. ఒప్పుకుంటాను. ఇంటిగలామెకి నేను బాకీ లేను. కానీ ఆ అబద్ధం ఖరీదు ఎవరు కడతన్నారు? అమ్మ కడతంది. నన్ను నేను దాచుకోవటం వేరు, అమ్మని దాచెయ్యటం వేరు. ఈసారి పళ్లెం వెనక్కి తీసింది నేనే.

1901లో అంబేద్కర్ తొమ్మిదీ పదేళ్ల పిల్లాడు. అన్నతో, ఇంటి పిల్లలతో కలిసి తండ్రిని చూడ్డానికి కోరెగావ్ బయల్దేరాడు. ఒంటిమీద కొత్త బట్టలు. మసూర్ స్టేషన్‌లో స్టేషన్ మాస్టరు వాళ్లని బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. ఎవరని అడిగితే ఆలోచించకుండా మహర్లమన్నారు. ఆయన మొహం మారిపోయింది. బళ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు డబ్బులిచ్చి, బండి తామే తోలుకోవాల్సి వచ్చింది. ఆయనే రాసుకున్న సంగతి ఇది. అబద్ధం చెబితే పోయేదిగా అనిపించేది నాకు. ఇప్పుడు ఇంకోటి కనిపిస్తంది. తప్పు ఆ స్టేషన్ మాస్టరు మొహంలో ఉంది, పిల్లల నోట్లో లేదు. తమని దాచుకోవాలని అప్పటికి వాళ్లకెవరూ నేర్పలేదు.

మా పాప "అమ్మమ్మ రాలేదేం?" అనడుగుతుంది. ఎండలంటాను. నాలుగేళ్లకి అసలు సంగతి దానికే తెలుస్తుంది. తనవాళ్లు దాచిపెట్టాల్సిన మనుషులని కూడా అప్పుడే తెలుస్తుంది. నేర్పింది తల్లి.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి రమ్మన్నాను. "ఎండలన్నావుగా?" అంది.

"అబద్ధం చెప్పానమ్మా."

"తెలుసులే. తునకలు తేనా, వద్దా?"

జవాబు చెప్పడానికి కాసేపు పట్టింది. "తే" అన్నాను.

భయం పోలేదు. ఇల్లు పోతే మళ్లీ వెతుక్కోవాలి. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీటింగుల్లో మనం ఎవరెవర్ని పిలిచామో అందరికీ తెలుసు. మన గదులకి, మన పెళ్లిళ్లకి, మన పిల్లల పుట్టినరోజులకి ఎవర్ని రావద్దన్నామో ఒకసారి లెక్క చూసుకుందాం.