అప్పజెప్పడం

పోయిన వానాకాలం మా అమ్మని డిశ్చార్జ్ చేసే రోజు సిస్టర్ ఒకామె మందుల కవరు పట్టుకుని వచ్చింది. చంకలో ఇంకో నాలుగు ఫైళ్ళున్నాయి. "ఇది పొద్దున తిన్నాక, ఇది రాత్రి, ఇది ఐదు రోజులే. అర్థమైందా అమ్మా?" అంది. అమ్మ తలూపింది. పక్కన నిలబడ్డ నేనూ తలూపాను. మొత్తం ఒక నిమిషం పట్టుంటుంది.

నాలుగో రోజు వెలిమెలలో మా ఇంట్లో, బాత్రూమ్ గడప దగ్గర అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. తర్వాత తెలిసిందేంటంటే, కొత్తగా రాసిన బీపీ గోలీలో ఆమ్లోడిపిన్‌తో పాటు ఇంకో బీపీ మందు కలిసి ఉంది. ఇంట్లో ముందునుంచీ వేసుకుంటున్న గోలీ కూడా ఆమ్లోడిపినే. పేరు వేరు, స్ట్రిప్ రంగు వేరు. అమ్మ రెండూ వేసుకుంది. "పాతది బంద్ చెయ్యమని ఎవ్వలు జెప్పలే గద బిడ్డా" అంది. నిజమే. వేసుకోవాల్సినవి చెప్పారు. మానేయాల్సింది ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తప్పెవరిది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

మా పక్కింటి అన్న పటాన్‌చెరు వైపు ఒక బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడ ముడిసరుకు తూచినా రెండు సంతకాలు కావాలట. 'డన్ బై' ఒకరు, 'చెక్డ్ బై' ఇంకొకరు. ఆసుపత్రిలోనూ అంతే. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని నర్సులకి ఐదు సూత్రాలు నేర్పుతారు. ఇన్సులిన్ లాంటి వాటికైతే చాలాచోట్ల ఇద్దరు నర్సులు చూసుకోవాలి. ఇంత కాపలా మధ్య ప్రయాణం చేసిన గోలీ, ఇంటికొచ్చాక ఒంటరిదైపోతుంది. అక్కడ నర్సు మా అమ్మే. ఆమెకి ట్రైనింగ్ ఒక నిమిషం.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల జరిగే హానిని తగ్గించడానికి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ముందుగా దృష్టి పెట్టమన్న మూడింటిలో ఒకటి, రోగి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారే ఘట్టం. ఆసుపత్రి నుంచి ఇంటికి రావడం అలాంటిదే. మనమేమో దాన్ని బిల్లు కట్టి ఆటో ఎక్కే పనిగా చూస్తాం.

సిస్టర్‌ని నిందించడం తేలిక. మామూలు ఆసుపత్రిలో ఐదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ రోజు ఆ వార్డులో ఆమె ఒక్కతే ఎంతమందిని చూసుకుంటోందో నేను కళ్ళారా చూశాను. ఆమెకి టైమ్ ఇవ్వనివాళ్ళకి ఈ కుట్లలో వాటా లేదా? ఫైలు చదవగలిగి కూడా తలూపిన నాకు లేదా?

అయినా ఒక మాట మిగిలే ఉంటుంది. "అర్థమైందా?" అనే ప్రశ్నకి మన మర్యాదలో ఒక్కటే జవాబుంది. పనిలో ఉన్న మనిషిని ఆపి "కాలేదు" అనడం అమ్మకి నామోషీ, అవతలివాళ్ళని ఇబ్బంది పెట్టడం కూడా. అందుకే తలూపుతుంది. ఆ ఊపుతో బాధ్యత చెప్పినవాళ్ళ నుంచి విన్నవాళ్ళ మీదకి జారిపోతుంది. రేపు ఏమన్నా అయితే "చెప్పాం కదా" అనడానికి వీలుంటుంది. చెప్పడం ఒకరి పని, అర్థం చేసుకోవడం ఇంకొకరి పని అని మనం పంచేసుకున్నాం. అది న్యాయమైన పంపకం కాదనుకుంటా. బలం ఎవరి చేతిలో ఉందో, అర్థమయ్యేదాకా చూసే పూచీ కూడా వాళ్ళదే.

కుట్లు విప్పించడానికి వెళ్ళినప్పుడు ఇంకో సిస్టర్ ఉంది. మందులు చెప్పాక, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటానమ్మా. ఇంటికెళ్ళి ఎట్లా వేసుకుంటారో మీరు ఒకసారి చెప్పండి" అంది. పరీక్ష తనకే అన్నట్టు అడిగింది. అమ్మ చెప్పింది, రాత్రి గోలీ దగ్గర తప్పింది. ఆమె నవ్వి మళ్ళీ చెప్పింది. ఇంట్లో ఉన్న పాత స్ట్రిప్పుల గురించీ అడిగింది. మూడు నిమిషాలు పట్టుంటుంది. నర్సింగ్‌లో ఈ పద్ధతిని టీచ్‌బ్యాక్ అంటారు.

మనకి దీనికో మాట ఎప్పటినుంచో ఉంది. బడిలో పాఠం అప్పజెప్పేవాళ్ళం. ఒక వస్తువుని, ఒక మనిషిని ఇంకొకరి చేతిలో పెట్టడాన్నీ అప్పజెప్పడమే అంటాం. అవతలివాళ్ళు తిరిగి అప్పజెప్పేదాకా మనం అప్పజెప్పినట్టు కాదేమో. అమ్మ నోట వచ్చిన ఆ నాలుగు ముక్కలే ఆ మందుకి అసలైన 'చెక్డ్ బై' సంతకం.

ఆ రాత్రి భోజనాలయ్యాక అమ్మ మందుల డబ్బా నా ముందు పెట్టింది. "దవఖానల నేను జెప్పిన గద, ఇగ నువ్వు జెప్పు" అంది.

నేను రెండోదాని దగ్గరే తడబడ్డాను.